సున్నం కింద మా తాత పేరు

మా అమ్మ పుట్టిన ఊరు కార్వేటినగరం దాటాక వస్తుంది. ఆ ఊరి చర్చి ఆవరణలో గేటు పక్కన నడుమెత్తు రాయి ఒకటి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి వెళ్ళిన వాళ్ళ పేర్లు చెక్కి నిలబెట్టిన రాయి. చిన్నప్పటి నుంచి దాని ముందు తిరుగుతున్నా, దాని మీద ఒక్క అక్షరం నేను చూసి ఎరగను. కారణం సున్నం.

ఏటా నవంబరులో సమాధుల పండుగకు ముందు రోజు ఎవరి సమాధులకు వాళ్ళు సున్నం కొట్టుకుంటారు. బకెట్ అడుగున మిగిలింది ఇంటికి తీసుకుపోకూడదని ఆ ఊళ్ళో ఒక పట్టింపు. అందుకని పోతూ పోతూ దాన్ని ఆ రాయికి పూసేసి పోతారు. ఇన్నేళ్ళలో అది దిండులా ఉబ్బింది.

అందరూ మిగిలిన సున్నం పూస్తే, మా అమ్మ మాత్రం దాని కోసమే వేరే బకెట్ కలిపేది. అమ్మ కడుపులో ఉండగానే వాళ్ళ నాయన పట్టాళంలో చేరి బర్మా వైపు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆయనకు సమాధి లేదు. రాయి నిలబెట్టిన రోజు చర్చి ఉపదేశి పేర్లన్నీ బిగ్గరగా చదివితే అందులో ఆయన పేరు వినిపించిందట. వాళ్ళలో ఎవరూ తిరిగి ఊరు చేరలేదు కాబట్టి, చనిపోయిన వాళ్ళ జాబితా అదేనని ఊరు అనుకుంది. అమ్మకు అదే నాయన సమాధి అయింది. తిరుపతిలో నా దగ్గరికి వచ్చేశాక కూడా, ఎనభై దాటిన వయసులో, మోకాళ్ళు పట్టుకుని ఏటా బస్సెక్కేది. వద్దంటే నాతో రెండు రోజులు మాట్లాడేది కాదు.

పోయిన ఏడాది రోడ్డు వెడల్పు చేయడానికి చర్చి గోడ జరపాల్సి వచ్చింది. రాయి అడ్డం. ఎటూ బీటలు వారింది కదా, నల్లరాతి మీద కొత్తగా చెక్కిద్దామని సంఘంలో తీర్మానం చేశారు. సంఘపెద్ద అమ్మకు ఫోన్ చేశాడు.

"అక్కా, మీ నాయన పేరు ఆడ ఉండాదో లేదో మాకేం తెలుసు? గీకి సూస్తే గానీ చెప్పలేం. ఉంటేనే ఎక్కిస్తాం" అన్నాడు.

ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. "ఉండాది. ఉండకుండా యాడికి పోతాది?" అని తనలో తనే గొణుక్కుంటూ కూర్చుంది. లేకపోతే ఇన్నేళ్ళు తను ఎవరికి సున్నం కొట్టినట్టు? ఆ మాట పైకి అనలేదు గానీ మొహంలో కనబడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. సంఘపెద్ద సుత్తి, ఉలి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నాకు ఒళ్ళు మండి రెండూ లాక్కున్నాను. అమ్మ సలహా మీద పాత చింతపండు నీళ్ళలో గోనెపట్టలు తడిపి రాయికి చుట్టాం. మధ్యాహ్నం దాకా మళ్ళీ మళ్ళీ తడుపుతూ, మెత్తబడ్డాక కొబ్బరి చిప్పతో గీకాం. సున్నం పెచ్చులుగా ఊడింది. ఊడిన పెచ్చుల వెనక అక్షరాలు తిరగబడి అచ్చుపడి ఉన్నాయి.

నాలుగో పేరు మా తాతది. అమ్మకు చదువు రాదు. ఆమె వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద నడిపించాను. "సూసినావా అబ్బా, ఉండాదా లేదా?" అని సంఘపెద్దను గద్దించింది. ఆయన నవ్వి చేతులెత్తేశాడు.

సున్నం కారి కారి అడుగున బాగా పేరుకుంది. అక్కడ ఇంకో వరస అక్షరాలు బయటపడితే ఆలోచించకుండా పైకి చదివేశాను. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు పాఠం చెప్పిన నోరు, అక్షరం కనబడితే ఆగదు.

"సిలువ గుర్తు గలవారు యుద్ధమందు ప్రాణము విడిచిరి."

చదివాక పైకి చూశాను. రెండు పేర్ల ముందు చిన్న సిలువ ఉంది. మా తాత పేరు ముందు లేదు. సున్నం ఏమైనా మిగిలిందేమోనని వేలితో తడిమాను. నున్నటి రాయి.

"పాతోళ్ళు సెక్కేటప్పుడు మర్చిపోయింటారులే అక్కా. కొత్తదాంట్లో సిలువ పెట్టించేస్తాం. ఎవురు అడగతారు?" అన్నాడు సంఘపెద్ద. మనిషి మంచివాడు. నేనూ తల ఊపాను. ఆ క్షణంలో నాకు నిజంతో పని లేదు, అమ్మ మొహం మామూలుగా అయితే చాలు.

అమ్మ ఆ నున్నటి చోట తనూ వేలితో తడిమింది. "వద్దు. ఉన్నది ఉన్నట్టే సెక్కించు."

నాకు కోపం వచ్చింది. "బతికుండి కూడా బిడ్డ మొహం చూడ్డానికి రాని మనిషికి కొత్త రాయి ఒకటా?" అన్నాను.

"ఆయన సంగతి కాదు మే" అంది అమ్మ. "మా అమ్మ తాళి తీయలేదు. ఊరంతా ఆడిపోసుకున్నా తీయలేదు. 'మీ నాయన యాడో బతికే ఉండాడు' అనేది నాతో. నా పెండ్లిలో మొగుడు సచ్చినామెకి తాళేందని నవ్వుతారని, నేనే ఏడ్చి తీయించినా. ఆ పొద్దు నుంచి ఆమె మళ్ళా నాయన మాటే ఎత్తలేదు."

నేను పుట్టకముందే పోయిన మా అవ్వ గురించి అమ్మ ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. అవ్వ సమాధి అదే ఆవరణలో వెనక వరసలో ఉంది. పట్టుకోబోతే అమ్మ నా చెయ్యి విదిలించుకుని అక్కడికి ఒక్కతే వెళ్ళింది. మోకాళ్ళు వంగవు కాబట్టి నిలబడే, బడిలో తప్పు చేసిన పిల్లలా చేతులు కట్టుకుంది.

"తప్పయిపోయిందమ్మా" అంది.