మలుపు దగ్గర చప్పుడు

హిందూపురం నుంచి ధర్మవరం పోయే పొద్దుటి ప్యాసింజర్లో కిటికీ పక్క సీటు నాది. టికెట్ మీద అలా రాసి ఉండదనుకోండి. ధర్మవరంలో ఒక పట్టుచీరల కొట్టులో గుమాస్తాగా చేరినప్పటి నుంచి రోజూ అక్కడే కూర్చుంటున్నాను కాబట్టి నాదే. ఆ సంగతి ఒప్పుకోని మనిషి రైలు మొత్తానికి ఒక్కతే, నాగమ్మ. ఉడకబెట్టిన శెనక్కాయల గంప నా కాళ్ల మీదికి దించి, "జరుగప్పా గుమాస్తా, నీ సీటేమన్నా నేను పెనుకొండకు ఎత్తుకపోతానా?" అనేది.

నాగమ్మకు రెండు కళ్లలోనూ పొరలు. మనిషి ఎదురుగా నిలబడితే ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. అయినా ఆమె దిగాల్సిన పెనుకొండ ఎప్పుడూ తప్పిపోలేదు. పట్టాల అతుకుల మీద చక్రాలు చేసే చప్పుడే ఆమెకు దారి. పెనుకొండకు ముందు ఒక పెద్ద మలుపు ఉంది. అక్కడి అతుకులు బాగా అరిగిపోయి, అంతదాకా టకటకమంటూ వచ్చిన బండి ధడేల్ ధడేల్‌మని కొట్టుకునేది. నాకు నడుములు విరిగేవి. నాగమ్మ మాత్రం అది వినగానే గంప నెత్తికెత్తుకుని తలుపు దగ్గరికి నడిచేది.

తొంభై ఎనిమిదిలో ఆమె మనవడు తిరుపాల్ ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుని బయటికొచ్చాడు. తల్లీ తండ్రీ లేని వాణ్ణి శెనక్కాయల మీదే పెంచి చదివించింది. ఇక పని దొరకడమే తరువాయి అనుకుంది. దొరికితేగా! హిందూపురంలో ఏ ఫ్యాక్టరీ గేటుకు పోయినా "అనుభవం ఉండాదా?" అన్నారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. పెనుకొండలో కిటికీ గ్రిల్లులు చేసే ఒకాయన చేర్చుకున్నాడు గానీ, వెల్డింగ్ చేసే హోల్డరు చేతికివ్వకుండా నేల ఊడిపించి, టీలు తెప్పించి, కొన్నాళ్లకు పంపేశాడు.

అప్పటి నుంచి నాగమ్మ బండిలో శెనక్కాయలతో పాటు మనవణ్ణి కూడా అమ్మడం మొదలుపెట్టింది. బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, ఎవరో ఆఫీసరనుకుని పొట్లంలో ఇంకో గుప్పెడు వేసి, "మావాడు వెల్డింగు పాసయినాడు సామీ, ఏమన్నా పనుంటే చెప్పు" అనేది. బూట్లేసుకున్న వాళ్లంతా ఆఫీసర్లు కారని నేను చెబితే, కోపంతో నా పొట్లంలో ఒక గుప్పెడు తగ్గించింది. తీరా ఆమె మొర ఆలకించినవాడు చెప్పులు కూడా అరిగిపోయిన మనిషి. పేరు చెన్నప్ప. రైలు పట్టాల పనికి మేస్త్రీ.

"పెనుకొండ మలుపులో అతుకులన్నీ తీసేసి, పట్టాలు కరిగించి ఒకటి చేస్తాండాము అవ్వా," అన్నాడు. "పంపు నీ మనమణ్ణి. చూసి నేర్చుకున్నాక కొన్ని అతుకులు వానికిస్తా. అన్నీ అయినంక బండెక్కి చూస్తా. టక్కుమనిందంటే వాడు ఇంటికే."

తిరుపాల్ పరుగెత్తుకుంటూ పోయాడు. రెండు రోజుల తర్వాత స్టేషన్లో కనబడితే మొహంలో నెత్తురు చుక్క లేదు. "అన్నా, ఆడ హోల్డరు లేదు, రాడ్డు లేదు. నేను నేర్చుకున్నది ఒక్కటీ లేదు. కుండలో ఏదో పొడి మందు పోసి అంటిస్తారు, ఇనుము నీళ్లయి కారతాది. చూస్తానే దూరం పరిగెత్తినా," అన్నాడు. ఇంత భయపడేవాడు ఏం నిలుస్తాడులే అనుకున్నాను.

ఆ ఎండాకాలం ఒక పొద్దున మా బండి మలుపుకు ముందే ఆగిపోయింది. ముందర పట్టాల పని జరుగుతోందన్నారు. కొట్టుకు ఆలస్యమవుతుందని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరినో ఒకరిని తిట్టాలని దిగి ముందుకు నడిచాను. జనం అప్పటికే దూరంగా గుమిగూడి ఉన్నారు.

రెండు పట్టాల కొసల మధ్య వేలెడు సందు. దాని చుట్టూ మట్టి అచ్చు, పైన చిన్న కుండ. నీలం అద్దాలు పెట్టుకున్న ఒకతను, ఆవిరి పోకుండా కుండ మూతకు పిండి మెత్తినట్టు, అచ్చు చుట్టూ తడి ఇసుక మెత్తుతున్నాడు. వేలితో తడిమి తడిమి చూసి మళ్లీ మెత్తాడు. తర్వాత కుండలో మందు అంటించి వెనక్కి జరిగాడు. అది బుస్సుమని లేచింది. పట్టపగలు, అంత ఎండలో, మా నీడలు రెండేసి అయ్యాయి. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ల సందుల్లోంచి చూశాను. తెల్లటి ఇనుము నీళ్లలాగా జారి అచ్చులోకి దిగింది. నాకు ఒళ్లంతా గగుర్పొడిచింది. తిట్టడానికి వచ్చిన సంగతే మరిచిపోయాను.

నా వెనకే తడుముకుంటూ వచ్చిన నాగమ్మ నా భుజం పట్టుకుంది. "ఏందప్పా అది? ఈ పొరల కండ్లకే కనపడె!"

అతను అద్దాలు తీశాడు. తిరుపాల్.

"మీవాడే అవ్వా. ఆ నిప్పు పోసింది మీవాడే," అన్నాను. నాగమ్మ గంప కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. నిప్పుకు మొక్కిందో, మనవడికి మొక్కిందో నేను అడగలేదు.

మలుపు పనంతా పూర్తయి, బండి మళ్లీ మామూలు వేగంతో పోయే మొదటి రోజు చెన్నప్ప మా పెట్టెలోనే ఎక్కాడు. తిరుపాల్ లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మోతలో పని చేసి చేసి నా చెవులు చెడినాయి అవ్వా," అన్నాడు చెన్నప్ప. "నువ్వే వినాల. నీ మనమడని అబద్ధం చెప్పకూడదు."

"చెవికి మనమడేంది, పరాయోడేంది? టక్కుమంటే టక్కుమనిందనే చెప్తా," అంది నాగమ్మ. నన్ను లేపి నా సీట్లో కూర్చుని కళ్లు మూసుకుంది.

హిందూపురం నుంచి చక్రాలు ఎప్పటిలాగే టకటకమన్నాయి. నాగమ్మ పెదవులు వాటితో పాటే కదిలాయి. ఉన్నట్టుండి ఆ చప్పుడు పోయింది.

నాగమ్మ చిరాకుపడింది. "ఏంటికి నిలిపినారప్పా? ఇంగా మలుపే రాలేదే. సిగ్నల్ ఇయ్యలేదా?"

కిటికీ బయట స్తంభాలు పరుగెత్తుతున్నాయి. నేను అవి చూస్తూ, "నిలపలేదవ్వా. మలుపులోనే పోతాండాము," అన్నాను.

"కండ్లు లేవని నాతో ఆటలాడతాండావా?"

ఆమె చెయ్యి పట్టుకుని కిటికీ కమ్మీల సందులోంచి బయటికి పెట్టాను. గాలి వచ్చి అరచేతిని కొట్టింది. నాగమ్మ ఉలిక్కిపడింది గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేళ్లు విప్పి ఆ గాలిని పట్టుకుని చూసింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"అంత చప్పుడునూ యాడ పెట్టినాడప్పా వాడు?" అంది మెల్లగా.

చెన్నప్ప తలుపు వైపు తిరిగి, "రేయ్ తిరుపాల్, రేపట్నుంచి ధర్మవరం పక్క పని. పొద్దున్నే వచ్చేయ్," అని కేకేశాడు.

పెనుకొండ వచ్చింది, పోయింది. ఆమెను దింపాలని మాకెవరికీ తోచలేదు. నాగమ్మ చెయ్యి బయటే పెట్టుకుని ధర్మవరం దాకా నా సీట్లోనే కూర్చుంది. నేను లెమ్మనలేదు.