ఇటు చూడమన్నది నేనే

మొన్న మా వీధి చివర కొబ్బరి పీచు కుప్ప అంటుకుంటే ఫైరింజను వచ్చింది. నేనూ చేతికర్ర పుచ్చుకుని గేటు దాకా వెళ్లాను. వీధిలో ప్రతివాళ్లూ ఫోనెత్తి వీడియో తీస్తున్నారు గానీ, నీళ్లు కొడుతున్న మనిషిని కాస్త ఇటు తిరగమని ఒక్కరూ అడగలేదు, అతనూ ఎవరి వంకా చూడలేదు. మంట ఆరకముందే నేను లోపలికి వచ్చేశాను.

తొంభైల్లో నాకు అమలాపురంలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. మన ఈడు వాళ్లలో ఆ చుట్టుపక్కల పెళ్లి చేసుకున్నవాళ్లకి నా గొంతు గుర్తుండే ఉంటుంది. జీలకర్ర బెల్లం పెట్టే చేతిని గాల్లోనే ఆపించి, తాళి మూడో ముడి దగ్గర పెళ్లికొడుకుని నిలబెట్టేసి, పురోహితులవారు ఎంత కసురుకున్నా "ఇటు చూడండి" అనందే బటన్ నొక్కేవాణ్ణి కాదు. ముహూర్తం తప్పినా ఫోటో తప్పకూడదన్నది మా తరం ఫోటోగ్రాఫర్ల పొగరు.

మా ఆవిడ పిన్నిగారబ్బాయి, నాకు బావమరిది, ఫైర్ స్టేషన్లో పనిచేసేవాడు. ఒక ఏడు ఎండలు ముదరకముందే, సముద్రపు ఒడ్డున సరుగుడు తోట అంచు వెంబడి రాలిన ఆకునంతా ఒక పట్టీ మేర వాళ్లే దగ్గరుండి కాల్చేయాలనుకున్నారు. ముందే కాలిన నేల మీదుగా నిప్పు దాటదనీ, వేసవిలో ఏం జరిగినా తోట పక్కనున్న తాటాకు పాకలు క్షేమంగా ఉంటాయనీ వాళ్ల ఆలోచన. ఫైలులో పెట్టడానికి ఫోటోలు కావాలని ఆఫీసరు అంటే మా బావమరిది నా పేరు చెప్పి, తన స్కూటరు మీదే ఎక్కించుకెళ్లాడు. ఇసకలోకి వెళ్తున్నానని తెలిసీ పాలిష్ చేసిన బూట్లు వేసుకెళ్లాను, అదో దర్జా.

పొద్దుటిపూట గాలి లేదు. మంట మోకాలెత్తున బుద్ధిగా నడుస్తోంది. మిగతావాళ్లు తడిపిన గోనెలతో అంచులు కొడుతుంటే, పాకల వైపు పైపు పట్టుకుని నిలబడ్డవాడు మా బావమరిది. మంట మీంచి చూపు తిప్పకపోవడమే అతని పని. రీలు దాదాపు అయిపోయింది, చూసుకుంటే అన్నీ వీపులూ పొగే. నాకు ప్రాణం ఉసూరుమంది. ఒక్కసారి ఇటు చూడవయ్యా అన్నాను.

"మంట చూసుకోవాలండీ బావగారూ" అన్నాడతను.

ఎంతసేపు, క్షణం అన్నాను. బావగారి మాట కాదనలేక "ఆయ్" అని తిరిగాడు. హెల్మెట్ నీడ మొహం మీద పడుతోందని గడ్డం ఎత్తమన్నాను, ఆపైన నవ్వమన్నాను. ఆ కాస్త సేపట్లో సముద్రం మీంచి గాలి విసిరింది. నిప్పురవ్వ ఎగిరి చివరి పాక మీద పడింది. లోపలున్న ముసలమ్మని బయటికి తెచ్చారు గానీ పాక మిగల్లేదు. తనతోపాటు బయటపడ్డ ఒక్క ఇత్తడి బిందెని ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఇసకలో కూర్చుంది.

మర్నాడు ప్రింట్లన్నీ తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చేశాను. అతను నవ్వుతున్న ఆ ఒక్కటీ తీసేయాలని ఎందుకు తోచలేదంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, అన్నిటిలోకీ అదే బాగా వచ్చింది.

విచారణలో ఆఫీసరు ఆ ఫోటో బల్ల మీద పెట్టి, వెనకాల మంట పెట్టుకుని ఈయన నవ్వుతున్నాడేవిటండీ అని అడిగారు. పాక కాలిన నేరం నా మెడకి చుట్టుకుంటుందేమోనని భయం వేసింది. "ఏమోనండీ, నేను గమనించలేదండీ" అన్నాను. గుమ్మం పక్కనే బెంచీ మీద కూర్చుని మా బావమరిది అంతా విన్నాడు. తన వంతు వచ్చినప్పుడు నా పేరు ఎత్తలేదు. సస్పెండు చేశారు.

కొన్ని నెలలకి కువైట్ వెళ్లడానికి పాస్‌పోర్టు ఫోటో కావలసి, ఊళ్లో ఇన్ని స్టూడియోలుండగా నా దగ్గరికే వచ్చాడు. స్టూలు మీద కూర్చోబెట్టి లైట్లు వేశాను గానీ, "ఇటు చూడండి" అనకుండా లెన్సు తుడుస్తూ నిలబడ్డాను. కాసేపు చూసి అతనే "ఎటు చూడమంటారండీ బావగారూ?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. వేలితో కెమెరా చూపించాను. ఆ ఫోటోలో అతను నవ్వలేదు.

అతను కువైట్ నుంచి తిరిగొచ్చాక ఎన్నో శుభకార్యాల్లో పక్కపక్కనే కూర్చుని భోంచేశాం. ఆ ఊసు నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. ఇప్పుడు పెళ్లిళ్లలో కూడా ఎవరినీ ఇటు చూడమనడం లేదు, ఎవరి పనిలో వాళ్లుండగానే తీసేసుకుంటున్నారు. మొహాలు సరిగ్గా రావని మొదట్లో సణిగేవాణ్ణి, ఇప్పుడు సణగడం మానేశాను. "ఇటు చూడండి" అని జన్మలో కొన్ని వేలసార్లు అనుంటాను. ఇటు చూడమన్నది నేనేనండీ అని ఆ బల్ల ముందు ఒక్కసారి అనలేకపోయాను.