ఎర్కలే

పేరుకు పోలీసు చర్య. మా ఊరికి వచ్చింది మాత్రం మిలిటరీ. రజాకార్లు పోయాక సంగపోళ్ల కోసం వెతుకులాట మొదలైంది. దొరల మీద తిరగబడ్డ ఆ సంగంలో మా బాపు ఉండేవాడు. నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ నాకు నేర్పిన మొదటి పాఠం, తెలియదని చెప్పే ఒకే ఒక్క మాట.

"ఎవ్వరేమడిగినా ఎర్కలే అనాలె. ఏమనాలె?"

"ఎర్కలే."

"నీ పేరేంది?"

పేరు చెప్పాను. నెత్తిన మొట్టికాయ పడింది. ఆ తర్వాత బడిలో ఏ పాఠమూ నాకంత బాగా రాలేదు. పంతులు ఎక్కం అడిగినా ఇదే అప్పజెప్పేదాన్ని.

ఒకనాటి పొద్దున మిలిటరీ వచ్చి, బాపు జాడ చెప్పమని అమ్మను లారీ ఎక్కించింది. నేను వెంటపడి ఏడుస్తుంటే ఒక సిపాయి నన్నెత్తి వెనక లారీలో వేశాడు. ఇబ్రహీంపట్నం క్యాంపులో అమ్మను లోపలికి తీసుకుపోయారు. నేను వరండాలో మిగిలాను.

అక్కడ కోస్తా నుంచి వచ్చిన దుబాసీ ఒకాయన ఉండేవాడు. మా మాటలు సిపాయిలకు హిందీలో చెప్పడం ఆయన పని. చేతిలో బిస్కెట్టు పెట్టి మెత్తగా అడిగాడు.

"మీ ఊరేదమ్మా?"

"ఎర్కలే."

"పోనీ, నీ పేరు?"

"ఎర్కలే."

"మీ నాన్నెక్కడ?"

"ఎర్కలే."

చివరిది అబద్ధం కాదు. మా ఇంట్లో బాపు ఉండేవాడు గానీ నాన్న లేడు.

మూడు రోజులు అక్కడే తిన్నాను, అక్కడే పడుకున్నాను. ఏడ్చినట్టు గుర్తు లేదు. ఎవరూ రాకపోతే అనాథాశ్రమానికి పంపేస్తామని దుబాసీ ఎవరితోనో అన్నాడు. ఆశ్రమమంటే ఏమిటో నాకు నిజంగానే ఎర్కలే.

మూడోనాడు అమ్మను వదిలారు. పెదవి వాచి ఉంది. నన్ను చూపించి, తన బిడ్డనని చెప్పింది. దుబాసీ నావైపు తిరిగాడు.

"ఈమె మీ అమ్మేనా?"

పాఠం తప్పితే మొట్టికాయ.

"ఎర్కలే" అన్నాను.

"పిల్ల నిన్నెరగనంటోంది. ఎలా ఇచ్చేది?"

నేనే నేర్పిన అని అమ్మ చెప్పలేదు. చెబితే, దాచేదేదో ఉందని మళ్లీ లోపలికి తీసుకుపోతారు. ఆమె నేల మీద కూలబడింది.

"నెత్తి జూడు, ఎట్ల చిక్కువడ్డదో. ఇటు రా."

నా కాళ్లు వెళ్లాయి. రోజూలాగే వీపు తిప్పి ఆమె మోకాళ్ల మధ్య కూర్చున్నాను. దువ్వెన లేదు. వేళ్లతోనే చిక్కు లాగింది.

"అమ్మా!" అన్నాను.

నొప్పికన్నానో, ఆమెనన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. దుబాసీ మాత్రం కాగితం మీద ఏదో రాసుకుని, "తీసుకెళ్లు" అన్నాడు.

దారిలో అమ్మ అడిగింది. "బాపు సంగతి అడిగిన్రా?"

"అడిగిన్రు."

"ఏమన్నవ్?"

చెప్పాను. "మంచిది" అంది.

కాసేపటికి నేనడిగాను. "బాపు ఏడున్నడే?"

"ఎర్కలే" అంది అమ్మ.