మూడో కట్టు

నేను ఫుట్‌బాల్ ఆడేవాణ్నంటే మా మనుమలు నవ్వుతారు. నవ్వనీ. ఈ వంకర కాలు చూసి ఎవడు నమ్ముతాడు?

మాది ఎల్లారెడ్డి. చదువు మాత్రం కామారెడ్డిలో. సాయంత్రాలు అక్కడ స్టేషను పక్క మైదానంలో వట్టికాళ్లతో ఆడేవాళ్లం. గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు కానీ, బంతి నా కాలికి చిక్కితే నన్ను పట్టుకునేవాడు ఆ మైదానంలో లేడు. పట్నం పోలీసు జట్టుకు ఆటగాళ్లను ఏరే జమాదారు ఒకాయన రైలు దిగి వచ్చి మా ఆట చూశాడు. దసరా సెలవుల చివరిరోజు మళ్లీ వస్తాననీ, అప్పుడూ ఇట్లాగే ఆడితే తనతో తీసుకుపోతాననీ అన్నాడు. జట్టులో చోటు, దానితోపాటు నౌకరీ. ఇంట్లోవాళ్లకు నౌకరీ ముఖ్యం. నేను మాత్రం బూట్లు ఇస్తారా అని అడిగాను.

ఆ వారంలోనే రైల్వేవాళ్లతో ఆడుతుంటే, ఒకడి బూటు నా మోకాలి కింద తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకూ వినపడింది. నొప్పి వెంటనే రాలేదు. వేరెవరిదో కాలన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

దవాఖానకు పోతే కాలు తీసేస్తారని మా అవ్వ, అంటే మా అమ్మ, పట్టుబట్టింది. బండిలో ఎల్లారెడ్డి చేర్చి, ఎముకలు కట్టే ముసలాయనను పిలిచారు. ఆయన ఎముక సర్ది, మినపపిండిలో గుడ్డుసొన కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. పక్షానికొకటి చొప్పున మూడు కట్లు పడాలి. పైసా ముట్టడు. ముడితే చేతిగుణం పోతుందంటాడు. ముడి మాత్రం తన చెయ్యే విప్పాలి. ఊళ్లో ఆ మాట దాటినవాళ్లు లేరు.

రెండు కట్లు అయ్యాయి. మూడోది పడ్డాక రోజులు లెక్కపెట్టుకున్నాను. ముసలాయన ముడి విప్పడానికి రెండు రోజుల ముందే జమాదారు వస్తున్నాడు. నొప్పి లేదు, వాపు లేదు. పైసా తీసుకోనివాడు తన మాట నెగ్గించుకోవడానికే మూడో కట్టు పెట్టుకున్నాడని నాకు తోచింది. అంతటి తెలివి నాది.

అవ్వా బాపూ పొలం పోయాక అన్నను కొడవలి తెమ్మన్నాను. నా ఆట చూడటానికి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి నడిచి వచ్చిన మనిషి మా అన్న. నేనడిగితే కాదనలేడని నాకు తెలుసు.

“ఇంకా పన్నెండు రోజులున్నయిరా. కాలు ఆగమైతది,” అన్నాడు.

“నువ్వు కోస్తవా, నన్నే కోసుకొమ్మంటవా?”

కోశాడు. బద్దలు దాచేసి, అనుమానం రాకుండా పై గుడ్డ మళ్లీ చుట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా నడిచాను. ఒకరోజు వాకిట్లో పరుగు తీయబోయి కూలబడ్డాను. అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

జమాదారును గడువు అడిగి వస్తామని ఇంట్లో చెప్పి, అన్నా నేనూ బండిలో కామారెడ్డి పోయాం. గుడ్డ విప్పేసి, మైదానం అంచు నుంచి జమాదారు దాకా నడిచాను. ఆయన నా నడక చూశాడు. బంతి తెమ్మనలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, చాయ్ తెప్పించి, ఇంటి సంగతులు అడిగి, మిగతావాళ్ల ఆట చూడసాగాడు. ఏడుపు వస్తే బాగుండేది. రాలేదు. చాయ్ మొత్తం తాగి లేచి వచ్చాను. బండి ఎక్కాక గుడ్డ మళ్లీ చుట్టుకున్నాను.

అనుకున్న రోజుకు ముసలాయన వచ్చాడు. గుడ్డ తీసి, బద్దలు లేకపోవడం చూసి, ఎముకను వేళ్లతో తడిమాడు. వంకరగా అతుక్కుందనీ, ఇక తన చేతిలో లేదనీ చెప్పి వెళ్లిపోయాడు. తిట్టను కూడా లేదు.

“ఎవడు విప్పిండు?” అన్నాడు బాపు.

“నేనే కోసిన,” అన్నాడు అన్న.

ఎవరు కొయ్యమన్నారో చెప్పలేదు. బాపు ఎద్దులను తోలే కొరడా తీశాడు. అన్న చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పెళ్లయిన మనిషి, అవ్వ ముందూ వదిన ముందూ దెబ్బలు తిన్నాడు. నేను మంచం మీద కూర్చుని చూశాను. అన్న నా దిక్కు చూసి ఉంటే నిజం చెప్పేవాణ్నని చాలా ఏళ్లు అనుకున్నాను. చెప్పేవాణ్ని కాదు. నా కాలు ఇంకొకడు పాడుచేశాడని అందరూ అనుకోవడం నాకప్పుడు హాయిగా ఉంది.