గోడవతలి సాంచలు

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒక్కటే, కుళ్లు మాత్రం రెండు. ఒకటి మా తాతది, ఇంకొకటి పక్కింటి తాతది. ఇద్దరూ మరమగ్గాల ఆసాములు. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచ అంటారు. మాకు ఎనిమిది సాంచలు, వాళ్లకు పన్నెండు. ఆ నాలుగింటి తేడా మా తాత గుండెలో ముల్లులా గుచ్చుకుంటుందని నాయనమ్మ అనేది. డాక్టరు మాత్రం గ్యాస్ అన్నాడు.

మా తాత గోడకు వీపు ఆనించి కూర్చుని, అవతల ఎన్ని సాంచలు నడుస్తున్నాయో చప్పుడును బట్టి చెప్పేవాడు. తొమ్మిది నడిస్తే ఆ పూట రెండు ముద్దలు తక్కువ తినేవాడు. అయిదే నడిస్తే పచ్చిపులుసును కూడా పాయసంలా తాగేవాడు. నేనేమీ తక్కువ కాదు. పక్కింటి పిల్లది నా వయసే. ఆమెకు ముందు బుట్ట ఉన్న సైకిలు ఉండేది. ఆ బుట్టలో ఆమె ఎప్పుడూ ఏమీ పెట్టలేదు. ఖాళీ బుట్టను చూసి కుళ్లుకోవడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది.

ఒక ఏడాది గోడకు రెండు వైపులా చప్పుడు తగ్గిపోయింది. బయటి నుంచి చవక బట్ట దిగడంతో మా బట్ట అడిగేవాడు లేక సాంచలు ఒక్కొక్కటే ఆగాయి. పాత ఇనుము కొనేవాడు మా వాకిట్లోకి వచ్చి, సాంచల చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒకదాన్ని వేలితో తట్టి చూసి వెళ్లాడు. ఇంకో నెల ఇట్లాగే ఉంటే వాటిని తూకానికి అమ్మక తప్పదని తాత ఎవరితోనూ అనలేదు. అయినా ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వ్యాపారులూ మున్సిపాలిటీ పెద్దలూ కలిసి ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. అప్పటికి మూడు పట్టణాలూ ఒకే జిల్లాలో ఉండేవి, అందుకే ఒకదాని ముఖం ఒకదానికి పడేది కాదు. బ్యానరు మీద ఎవరి ఊరి పేరు ముందుండాలో తేలక సభ గంట ఆలస్యమైంది. దేశం మళ్లీ నిలబడాలంటే ముందు మన బజారు నిలబడాలని ఒకాయన అన్నాడు. ఒక్క ఏడాది బేరం చూస్తే లాభం లేదు, మన పిల్లల కాలందాకా నడిచే దారి వెయ్యాలని ఇంకొకాయన అన్నాడు. ఆ ఉపన్యాసాల మధ్యలోంచి పొరపాటున ఒక పనికొచ్చే మాట పుట్టింది. జగిత్యాల బడుల వాళ్లు ఇకమీదట యూనిఫాం బట్టను దూరం నుంచి తెప్పించరు. సిరిసిల్ల నేస్తుంది, కోరుట్ల కుడుతుంది, జగిత్యాల కొంటుంది, అదీ ఏటేటా. షరతు ఒక్కటే. ముందుగా ఒక గల్లీ వాళ్లు నేసి చూపాలి. ఇంటింటి బట్టా ఒకే మూటలో పోతుంది. అందులో ఒక్క తాను పలచగా ఉన్నా మూట మొత్తం వెనక్కి వస్తుంది, బేరం అంతటితో సరి.

చీటీలు వేస్తే మా గల్లీ పేరే వచ్చింది.

సాంచకు అంచున పళ్లున్న చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని మారిస్తే అంగుళంలో పడే అడ్డపోగులు తగ్గుతాయి. నూలు మిగులుతుంది, తాను తొందరగా దిగుతుంది. ఆ బట్టను వెలుతురుకు పడితే మాత్రం అవతల నిలబడ్డవాడు ముఖం కడుక్కున్నాడో లేదో కూడా తెలిసిపోతుంది. మా గల్లీలో అందరూ చేసే పనే అది. మూట వెనక్కొస్తుందన్న భయానికి మిగతా ఇళ్లవాళ్లు చిక్కటి నేత చక్రం వేసుకున్నారు, ఇంత ముప్పులోనూ తాత మాత్రం వెయ్యలేదు. "గోడవతలోడు ఎట్లైన పలచగనే నేస్తడు. నేనొక్కన్ని చిక్కగ నేస్తే, నా నూలుతోని వాని పరువు నిలబెట్టినట్టయితది" అన్నాడు. ఎనిమిది సాంచలు ఇనుముకు పోయినా ఫరవాలేదు కానీ పక్కింటికి మేలు జరగకూడదు. తాత ఉద్దేశం అంత స్పష్టంగా ఉండేది.

రెండు ఇళ్ల సాంచలనూ బాగుచేసే మిస్త్రీ ఒక్కడే. మేం ఆయన్ను చాచా అనేవాళ్లం. ఇంట్లో ఉర్దూ, మా వాకిట్లో తెలుగు, సాంచ మొండికేస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. రెండిళ్లలోకీ పోయే మనిషి ఆయనొక్కడే కాబట్టి, తాత ఆయనకు చాయ్ పోయించేది వార్త కోసమే.

"అవతల నేత ఎట్లున్నది భాయ్?"

చాచా చాయ్ ఊదుకున్నాడు. "ఏం జెప్పాలె కాకా. గట్టి నేత. ఎండకు పట్టినా అవతల కనబడ్తలేదు. గాయన గిట్ల నేస్తడని నేననుకోలే."

"మరి మాది?"

"మీది దోమతెరకైతే మస్తు పనికొస్తది."

తాత చాయ్ సగంలో కింద పెట్టేశాడు. మధ్యాహ్నానికల్లా ఎనిమిది సాంచలకూ చక్రాలు మారాయి. మార్చిందీ చాచానే.

నాకూ మనసు ఊరుకోలేదు. సైకిలుతో పాటు మంచి బట్ట కూడా ఆమెకే ఉంటే ఇక నేను బతకడం దేనికి? మరునాడు సందులో ఆమెను ఆపాను.

"మీ బట్ట మంచిగున్నదని గంత ఫోజు కొట్టకు."

ఆమె నన్ను వింతగా చూసింది. "మాదేంది? మీదే మంచిగున్నదట గదా. చాచా చెప్పిండు. మా తాత మొన్నటి సంది అన్నం సరిగ్గ తింటలేడు. చక్రాలన్ని మార్పిచ్చిండు."

అంటే చాచా రెండిళ్లలోనూ ఒకే మాట చెప్పాడన్నమాట. మొదటిసారి ఆమె మీద నాకు కుళ్లు రాలేదు. ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. తరువాత ఆమె సైకిలు మీదే చాచా దుకాణానికి పోయాం.

"అబద్ధం చెప్పినవ్ చాచా" అన్నాను.

ఆయన చేతికి అంటిన నూనె తుడుచుకుంటూ నవ్వాడు. "చెప్పిననాడు అబద్ధమే బేటీ. ఇప్పుడు పోయి చూడుండ్రి, రెండిండ్లల్ల నిజమైంది."

"మంచిగ చెప్తే అయిపోతుండె గదా?" అంది పక్కింటి పిల్ల.

"ఎన్నేండ్ల సంది చెప్తున్నననుకున్నవ్? మీ తాతలు వినలే. వాళ్ల కుళ్లుకు చెప్పిన, గంటల విన్నది." తరువాత ముఖం మార్చి, మెల్లగా అన్నాడు. "మూట పోయేదాంక నోర్లు మూసుకోండ్రి. సాంచలు పాత ఇనుములకు పోతే నేను రెంచి పట్టుకొని ఎవరింటికి పోవాలె?"

మూసుకున్నాం. పరీక్ష రోజు మూడు ఊళ్ల పెద్దలూ వచ్చారు. తానులు విప్పి, చిన్న భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టారు. మా తాత చూసింది పక్కింటి తానును, పక్కింటి తాత చూసింది మాదాన్ని. ఏది ఎవరిదో పెద్దలకు తేడా తెలియలేదు. మూట మొత్తం నెగ్గింది. వెంటనే మైకు తెచ్చి, ఐకమత్యం గురించీ పరస్పర విశ్వాసం గురించీ చాలాసేపు మాట్లాడారు. తాతలిద్దరికీ శాలువాలు కప్పారు. మా తాత తన శాలువాను పక్కనున్న శాలువాతో కొలిచి చూసుకోవడం నేను చూశాను. చాచా వేదిక వెనక మైకు వైరు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వదిలి ఉంటే పరస్పర విశ్వాసం అక్కడే ఆగిపోయేది.

మా సాంచలు అమ్ముడుపోలేదు. తాత చివరిదాకా, "వాడు చిక్కగ నేసిండు గన్క నేనూ నేసిన" అనే చెప్పుకున్నాడు. గోడవతల ఆయనా అదే చెప్పుకున్నాడు. మేమిద్దరం ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ యూనిఫాంలు కుట్టే చిన్న యూనిట్ ఒకటి కోరుట్లలో నేనే నడుపుతున్నాను. పక్కింటి పిల్లకు అదే రోడ్డులో ఇంకా పెద్దది ఉంది. ఆమెకు పెద్దదే ఇవ్వాలా అని అప్పుడప్పుడూ దేవుణ్ని అడుగుతుంటాను. ఆమె దగ్గర కుట్టు బాగుంటుందని ఎవరైనా అంటే ఇప్పటికీ కడుపులో భగ్గుమంటుంది. ఆ మంట చల్లారకముందే లేచి, ఆ రోజు కుట్టిన చొక్కాలన్నీ తిరగేసి చూస్తాను. వదులు కుట్టు కనబడితే విప్పించి మళ్లీ కుట్టిస్తాను. ఆమె కుట్టు నిజంగానే అంత బాగుంటుందో లేదో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు.