పెదనాన్న పాటల డ్రైవు

మా పెదనాన్న దావీదురాజుకు కూర్చోవడం రాదు. కడప డిపోలో ఆర్టీసీ కండక్టరుగా రాజంపేట రూట్లో పనిచేసినంత కాలం, సీటు ఖాళీగా ఉన్నా నిలబడే తిరిగాడు. రిటైరయ్యాక ఇంట్లోనూ అంతే. అన్నం తింటూ లేచి గేటు వేశారో లేదో చూసొస్తాడు. కాఫీ తాగుతూ లేచి మోటారు ఆపారో లేదో చూసొస్తాడు. "కాళ్లకు చక్రాలేమన్నా ఉండాయా నీకు?" అని మా పెద్దమ్మ సంతోషమ్మ అరుస్తుంది. ఆ అరుపు పూర్తయ్యేలోగా ఆయన వీధిలో ఉంటాడు.

అలాంటి మనిషిని ఒకచోట కూర్చోబెట్టింది మా చర్చి కంప్యూటరు. ఆయన రిటైరైన కొత్తలో సంఘమంతా చందాలు వేసుకుని దాన్నీ, ఒక ప్రొజెక్టరునీ కొన్నారు. పెదనాన్న ఒంటివేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ పాటలన్నీ టైపు చేశాడు. అప్పటినుంచి ఆదివారం ఆరాధనలో వెనక గోడవారగా ఉన్న ఆ బల్ల ఆయనదే. చరణం చివరి మాట రాగానే మీట నొక్కాలి. కాస్త ముందైతే ముసలమ్మలు తడబడతారట, కాస్త ఆలస్యమైతే అందరూ తెరవైపు నోరు తెరుచుకుని చూస్తారట. తాను విజిల్ వేస్తేగానీ బస్సు కదలనట్టు, తాను మీట నొక్కితేగానీ పాట కదలదని ఆయన నమ్మకం. నేను కాయిర్లో పాడతాను కాబట్టి ఎదురుగా ఆయనే కనిపిస్తాడు. కూర్చున్నా సరే, మోకాలు మాత్రం ఊగుతూనే ఉంటుంది.

ఈమధ్య ఆ కంప్యూటరు పాట మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. కమిటీ కొత్తది కొనింది. యువజన సంఘం సెక్రటరీ ఏసుకుమార్ మీటింగులో లేచి, "పాటలన్నీ నెట్లోనే ఉండాయి గదా, పాతవన్నీ మోసుకు రావడం దేనికి? ఇంక మేం చూసుకుంటాం" అన్నాడు. పిల్లవాడు తప్పేమీ అనలేదు. కానీ పెదనాన్న ముఖం చూడాలి. చివరికి పెద్దలు ఒక మాట తేల్చారు. కోత పండుగ ఆదివారానికి కొత్త కంప్యూటర్లో రాజుగారి పాటలు వస్తే సరే, ఆయనే కొనసాగుతాడు. రాకపోతే ఆ రోజునుంచే బల్ల ఏసుకుమార్‌ది.

ఇక మనిషి నిలిస్తే ఒట్టు. రైల్వే స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే నిస్సీ అనే ఆమె షాపు ఉంది. పొద్దున షట్టరు ఎత్తేసరికి ఆమెకు ఎదురుగా పెదనాన్నే. తోడుకు నన్ను లాక్కెళ్లేవాడు.

మొదటి చిక్కు లైసెన్సు దగ్గర వచ్చింది. కొత్త కంప్యూటరు అమ్మినవాడు దొంగ విండోస్ వేసిస్తానన్నాడట. "దేవుని మందిరంలో దొంగ సరుకా?" అని పాస్టరు అయ్యగారు ఒప్పుకోలేదు. పాతదానికి అసలు లైసెన్సు విడిగా కొన్నదే ఉంది, దాన్ని కొత్తదానికి మార్చుకోవచ్చు. దాని నంబరు పాత డబ్బా పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. నిస్సీ డబ్బాను పక్కకు తిప్పి చూసింది. స్టిక్కరు ఉంది, దాని మీద ఒక్క అంకె లేదు. జిడ్డుతో నల్లబడి ఉంది.

"ఏం పూసినారు సార్ దీనికి?"

పెదనాన్న నేల చూపులు చూశాడు. "ప్రార్థన నూనెమ్మా. అది ఆగిపోయినప్పుడల్లా కొంచెం రాసి, చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాంటి."

"పని చేసిందా?"

"శానాసార్లు చేసినాది" అన్నాడు కోపంగా.

నేను నవ్వు ఆపుకోలేక బయటికెళ్లి నిలబడ్డాను. నిస్సీ మాత్రం నవ్వలేదు. పాటలన్నీ ఉన్న పాత డ్రైవు ఇంకా తిరుగుతోంది కాబట్టి దాని లోపలినుంచే నంబరు బయటికి తీసింది. పాత కంప్యూటర్లో లైసెన్సు తొలగించి కొత్తదానిలో ఎక్కించింది. కొత్తది వెంటనే నమ్మలేదు. ఫోన్ చెయ్యమంది. ఫోన్లో రికార్డు చేసిన గొంతొకటి, ఈ లైసెన్సు ఎన్ని కంప్యూటర్లలో ఉందని అడిగింది.

"ఒకటే తల్లీ! ఒక్కదాంట్లోనే! పాతదాంట్లో తీసేసినాం!" అని పెదనాన్న ఫోన్లోకి అరిచాడు.

"అరిస్తే వినబడదు సార్, నంబరు నొక్కాల" అంది నిస్సీ. నొక్కింది. లైసెన్సు కుదిరింది. ఆయన కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాడు.

అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! నిస్సీ తిరుగుతున్న పాత డ్రైవు దగ్గర చెవి పెట్టి విని, "ఇది అరిగిపోయింది సార్, లోపల శబ్దమొస్తాండాది. పాటలన్నీ కొత్తదాంట్లోకి కాపీ చేసేస్తా, ఒక పూట పని" అంది.

"వద్దమ్మా."

"ఎందుకు సార్?"

"అవి దీంట్లోనే ఉండనీ. దీన్ని ఏదన్నా చిన్న డబ్బాలో పెట్టి, వైరు తగిలించి ఇయ్యి. ఆదివారం నేనే తెచ్చి పెట్టుకుంటా."

ఆమె రెండుసార్లు చెప్పింది, నేను నాలుగుసార్లు చెప్పాను. వినలేదు. ఎందుకో నాకు తెలుసు. పాటలు కొత్త కంప్యూటర్లో ఉంటే ఎవరు మీట నొక్కినా వస్తాయి. ఆయన సంచిలో ఉంటే ఆయన వస్తేనే వస్తాయి. నాకు ఒళ్లు మండింది. "ఇది సంఘం పాటలా, నీ పాటలా పెద్నాయనా?" అని దారిలోనే అడిగేశాను. ఆయన మోపెడ్‌ను గుంతలన్నిట్లో దించుకుంటూ పోయాడు, డ్రైవున్న సంచి హ్యాండిలుకు ఊగుతోంది.

ఆ వారమంతా ఆయనకు నిద్ర లేదు. డ్రైవు బీరువాలో ఉందో లేదో తీసి చూడటం, మళ్లీ పెట్టడం. పనిచేస్తోందో లేదోనని చర్చికి తీసుకెళ్లి తగిలించి చూడటం, మళ్లీ ఇంటికి తేవడం. "దాన్ని కుదురుగా ఉండనీప్పా, నువ్వెట్లా ఉండవు" అని పెద్దమ్మ మొత్తుకుంది.

కోత పండుగ ఆదివారం చర్చి కిక్కిరిసింది. ముందు శనగకాయల మూటలు, కొర్రలు, ఉల్లిగడ్డలు, గుమ్మడికాయలు కుప్పపోసి ఉన్నాయి. పెదనాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని అందరికన్నా ముందొచ్చి వైరు తగిలించాడు. మొదటి పాట వచ్చింది. కొత్త కంప్యూటరు మీద అక్షరాలు పెద్దగా, చక్కగా కనబడుతున్నాయి. ఆయన ఏసుకుమార్ వైపు ఒక చూపు చూశాడు, నాకు కనబడనే కనబడింది.

రెండో పాటలో, మొదటి చరణం చివర ఆయన మీట నొక్కాడు. తెర కదలలేదు. మళ్లీ నొక్కాడు. డ్రైవులోంచి టక్, టక్ అని గోరుతో గీకినట్టు చప్పుడు. వైరు పీకి మళ్లీ పెట్టాడు. డబ్బాను అరచేతిలో తట్టాడు. తెరమీద పాట పోయి ఏదో ఇంగ్లీషు ముక్క వచ్చింది. వారమంతా నాకు ఆయన మీదున్న కోపం ఎటు పోయిందో తెలియదు. పాట ఆగిపోతుందని, అందరూ వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తారని ఎదురుచూశాను.

పాట ఆగలేదు. రెండో చరణం ఎత్తుకున్నారు, మూడోది ఎత్తుకున్నారు. పిల్లలు పాడుతున్నారు, ముసలమ్మలు కళ్లు మూసుకుని చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. తెరమీద పాట లేదన్న సంగతి చాలామందికి తెలియనే లేదు. ఏసుకుమార్ పాడుతూనే వచ్చి, వెలుతురు కళ్లలో పడుతోందని ప్రొజెక్టరు ఆర్పేసి, పెదనాన్న భుజం మీద చెయ్యేసి, తన చోటికి వెళ్లిపోయాడు.

పెదనాన్న లేచాడు. ఎటు వెళ్లాలో తెలియనట్టు కాసేపు నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆయనకు ఆ బల్ల తప్ప చర్చిలో ఇంకో చోటు లేదు. మగవాళ్ల వైపు వరసలో పుల్లయ్య అనే ముసలాయన జరిగి చాపమీద చోటిచ్చాడు. పెదనాన్న కూర్చుని పాడటానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. చరణం చివరి మాట దగ్గర మాత్రం గొంతు గట్టిగా పలికింది. తర్వాతి చరణంలోనూ అంతే. చివరి మాట ఒక్కటే.

అప్పుడు అర్థమైంది నాకు. అన్ని పాటలు టైపు చేసినవాడికి, అన్నేళ్లు మీట నొక్కినవాడికి, ఒక్క పాటా పూర్తిగా రాదు. చూపెప్పుడూ మీట నొక్కాల్సిన మాట మీదే ఉండేది. ఆయన నొక్కకపోతే పాడలేనివాడు అంతమందిలో ఆయన ఒక్కడే. నేను పాడవలసిన చరణం వదిలేసి ఆయన్నే చూస్తుండిపోయాను.

ఆయన పుల్లయ్య చెవి దగ్గరికి వంగి ఏదో అడిగాడు. ఏమడిగాడో తర్వాత పుల్లయ్యే చెప్పాడు.

"తరవాత ఏముండాదప్పా?"

పుల్లయ్య నవ్వలేదు. మా పెదనాన్న మోకాలి మీద చెయ్యి వేసి, ఒక్కో పాదం కాస్త ముందుగా అందిస్తూ పాడాడు. పెదనాన్న ఆయన నోటివైపే చూస్తూ, అందరికన్నా ఒక మాట వెనకగా, చివరిదాకా పాడాడు.