కణజాలపు శ్వాసను కొలిచిన రాజేశ్వరి మేడం

రాజేశ్వరి మేడం ఇక లేరన్న వార్త ఆదివారం పొద్దున గోదావరిఖని నుంచి ఆమె తమ్ముడు ఫోన్‌లో చెప్పారు. ముందురోజే నేను ఆమెతో మాట్లాడాను.

బొగ్గుగని కార్మికుని ఇంట పుట్టి, కరీంనగర్‌లో జంతుశాస్త్ర ఆచార్యులుగా ఎదిగిన విదుషీమణి ఆమె. ఔషధ ప్రేరణతో జంతు కణజాలం ఎంత ప్రాణవాయువు వాడుకుంటుంది, ఉష్ణోగ్రత మారితే ఆ వాడకం ఎలా మారుతుంది అన్నదే ఆమె జీవితకాల పరిశోధన. ఎలుక కాలేయపు పలుచని ముక్కలను గాజు పాత్రల్లో వేసి, మందు కలిపి, వెచ్చని నీటి తొట్టిలో ఉంచి ఓపికగా కొలిచేవారు. "మందు ఒక్కటే పనిచెయ్యదు బిడ్డా, వేడి గూడ దానితోని కలుస్తది" అనేవారు.

నేను ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న రోజుల్లో ఒకసారి కరెంటు పోయి తొట్టి నీళ్లు చల్లబడ్డాయి. ఫలితాలు మాత్రం మేము ఆశించినట్టే వచ్చాయి. ఉంచుకుందామని బతిమాలాను. ఆమె కోప్పడలేదు. "మనకు నచ్చినయని నిజమైతయా? మల్ల చేద్దాం" అని, పాత్రలు కడగడానికి నాతోపాటు తానూ నిలబడ్డారు.

ఆ విద్య విలువ మా ఇంట్లోనే తెలిసింది. పెళ్లి కుదిరిన మా తమ్ముడు శ్రీకాంత్ సన్నబడాలని, ఎవరికీ చెప్పకుండా ఇంటర్నెట్‌లో మాత్రలు తెప్పించుకుని మింగుతున్నాడు. నడి ఎండాకాలం. హుజూరాబాద్‌లోని మా ఇంటికి మేడం భోజనానికి వచ్చిన రోజు, వాడు చెమటతో తడిసి, ఆయాసపడుతూ మంచం మీద ఉన్నాడు. వడదెబ్బ అనుకున్నాం. ఆమె వాడి నుదుటిపై చెయ్యి పెట్టి, వడదెబ్బయితే సాధారణంగా ఇంత చెమట ఉండదని అనుమానించి, "దాసిపెట్టకు బిడ్డా, ఏం మింగినవో చెప్పు" అన్నారు. వాడు డబ్బా చూపించాడు. ఆమె ప్రయోగాల్లో కణజాలం ప్రాణవాయువును ఆబగా వాడుకునేలా చేసిన మందే అది. ఎండవేడికి అది మరింత ప్రమాదమని ఆమెకు తెలుసు. వెంటనే తడిబట్టలు చుట్టించి, కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయి, వైద్యులకు సంగతంతా వివరించారు. వాళ్లు మంచుతో ఒళ్లు చల్లార్చారు. వాడు బతికాడు. తేరుకుని దండం పెడితే, "నాకు గాదు, గా ఎలుకలకు పెట్టు" అన్నారు.

మొన్న ఆమె పాడె మోసినవాళ్లలో శ్రీకాంత్ ఉన్నాడు. నువ్వేమైతవని బంధువులు అడిగితే, "నన్ను బతికిచ్చింది మేడమే" అన్నాడు.

ఏ సభలోనైనా డిగ్రీల కన్నా ముందు, రాజేశ్వరి మేడం శిష్యురాలినని చెప్పుకున్నాను. ఇకమీదటా సగర్వంగా అదే చెప్తాను. విన్నవాళ్లు "ఎట్లున్నరు మీ మేడం?" అని అడుగుతారు. లేరని చెప్పి, "మల్ల చేద్దాం" అన్న ఆమె మాట చెప్తాను.